ఇరవై ఏడో పేజీ

షెరీఫ్ హార్లన్ ముప్ఫై ఒకటో పేజీలో చచ్చిపోయాడు. గుండెలో రెండు తూటాలు. ఊళ్లో మగాళ్లంతా టోపీలు తీసి నిలబడ్డారు, పాదిరి ప్రార్థన చదివాడు, పెట్టె మీద మట్టి పోశారు. డెబ్బై ఎనిమిదో పేజీలో అదే షెరీఫ్ హార్లన్ తలుపు తోసుకుని లోపలికొచ్చి, "కాఫీ ఏమైనా మిగిలిందా?" అని అడిగాడు.

ఫిదెన్సియో చేతిలో ఎర్ర పెన్సిలు ఆగిపోయింది.

ఇలాంటివి పట్టుకోవడమే అతని ఉద్యోగం. డోన్ అబుందియో వారానికి నాలుగు చవక నవలలు వేస్తాడు. ఒక్కోటి తొంభై ఆరు పేజీలు. మెక్సికో నగరంలో పత్రికలమ్మే ప్రతి బడ్డీలోనూ అవి బట్టల క్లిప్పులకి వేలాడుతుంటాయి. అచ్చుకి వెళ్లేముందు ప్రతి కాగితం ఫిదెన్సియో బల్ల మీదుగా పోవాలి. పదిహేనేళ్లలో అతని కన్నుగప్పి ఒక్క కామా కూడా పోలేదు.

ఆ నాలుగింటిలో మూడు రాసేది ఒకే మనిషి, డెల్ఫీనా అరిస్మెండి. ఒకప్పుడు చొక్కాల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టిన ఆవిడ. కౌబాయ్ కథలకి ఆవిడ పేరు బక్ టాలివర్. ప్రేమ కథలకి లూసెరో డెల్ వాయే. దెయ్యాల కథలకి డాక్టర్ నెగ్రేటే. పేర్లన్నీ డోన్ అబుందియోవి. రాసే చెయ్యి ఆవిడది, పేరు ఆయనది. ఇది పట్టపగటి దొంగతనమని ఫిదెన్సియో పదిహేనేళ్లుగా అంటూనే ఉన్నాడు, అంటూనే అక్కడే జీతం తీసుకుంటున్నాడు.

రెండు వేల మూడు వందల పన్నెండు నవలలు. లెక్క అతనికే తెలుసు, ఆవిడకి తెలీదు. అతను రాసింది ఒక్కటి. "పట్టాల మీద ఉప్పు". రైలు కార్మికుల సమ్మె మీద. పన్నెండేళ్లు రాశాడు, మూడు వందల కాపీలు సొంతంగా అచ్చు వేయించుకున్నాడు. ఆరేళ్లయింది. చదివామని చెప్పినవాడు ఒక్కడూ లేడు.

రెండు రోజుల కిందట, సోమవారం పొద్దున ఆవిడ గుడ్డ సంచీ భుజాన వేసుకుని వచ్చింది. ముందు ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న తమాలీలు రెండు అతని బల్ల మీద పెట్టింది, తర్వాత టైపు చేసిన కాగితాల కట్ట.

"ఇదిగో ఫిదే, గుర్రాలు. ముద్దులు రేపు తెస్తా. దెయ్యాలు బుధవారం."

"మీకు చేతులు నొప్పెట్టవా డోన్యా డెల్ఫీనా?"

"పెడతాయి. అయితే ఏం చేస్తాం? బొత్తాలు కుట్టినప్పుడూ పెట్టేవి. తిను, చల్లారిపోతాయి. పచ్చిమిరప సాసు వేశా. అన్నట్టు నాయనా, నా శవాలు జాగ్రత్త. మూడు కథలూ ఒక్క బుర్రలోనే నడుస్తున్నాయి. ఎవడు పోయాడో, ఎవడున్నాడో నీకే తెలియాలి."

ప్రతి సోమవారం ఇదే మాట. అతను దిద్దిన కాగితాలు మళ్లీ చూసి, ఒప్పుకున్నదానికల్లా పక్కన నాలుగు చిల్లుల బొత్తాం బొమ్మ గీస్తుంది. సంతకం లాంటిది. వాదించదు, అలగదు. ఎంత తిట్టినా తగలని మనిషి మీద అసూయ పెట్టుకోవడం ఎంత కష్టమో ఫిదెన్సియోని అడగాలి.

అప్పుడే డోన్ అబుందియో తన గదిలోంచి బయటికొచ్చాడు, నోట్లో ఆరిపోయిన చుట్టతో.

"డెల్ఫీనా! సరిగ్గా వచ్చావు. మన సంస్థకి డిసెంబరుకి పాతికేళ్లు. ఒక్క పుస్తకం గట్టి అట్టతో వేస్తున్నా. రాసినవాళ్ల అసలు పేరుతో. వెనకాల ఫోటో కూడా. నువ్వే రాయాలి."

ఫిదెన్సియో గొంతులో తమాలీ అడ్డుపడింది. ఆ సంగతి తెలిసే, ఆరు నెలల క్రితం తన నవల ఆయన చేతికిచ్చాడు.

"డోన్ అబుందియో, నాది మీ దగ్గరుంది కదా," అన్నాడు.

"నీదా? చూశానయ్యా. అందులో అందరూ మాట్లాడుతూనే ఉంటారు. ఒక్కడూ తుపాకీ తియ్యడు."

"అది సమ్మె కథండీ."

"అదే నేనూ అంటున్నా."

డెల్ఫీనా నవ్వింది. "నా అసలు పేరుతోనా? నా పేరుతో ఏం రాస్తాను? ఆలోచిస్తాలెండి," అని సంచీ భుజానికెత్తుకుంది. ఆ ఆలోచిస్తా అన్న మాట ఫిదెన్సియో గుండెలో మేకులా దిగింది. అతను ఒక్క పేరు కోసం కుక్కలా కాపలా కాస్తుంటే, మూడు పేర్లున్న ఆవిడకి నాలుగోది పళ్లెంలో పెట్టి ఇస్తున్నారు. ఆవిడకి అది తీసుకోవాలో వద్దో ఆలోచించుకునే తీరిక కూడా ఉంది.

అందుకే బుధవారం మధ్యాహ్నం, డెబ్బై ఎనిమిదో పేజీలో షెరీఫ్ హార్లన్ కాఫీ అడిగినప్పుడు, ఫిదెన్సియో ఎర్ర పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. కాఫీ పోయనిచ్చాడు. తాగనిచ్చాడు. పేజీ తిప్పాడు. ఇరవై వేల కాపీలు అచ్చయ్యాయి.

*

శనివారాలు అతను లగునీయా సంతకి పోతాడు. అక్కడ డోన్ చోన్ అనే ముసలాయన పాత నవలలు మార్పిడికిచ్చే కొట్టు పెట్టాడు. ఒకటి తెచ్చి ఇచ్చి, మీద చిల్లర వేసి, ఇంకోటి తీసుకుపోవాలి. అట్టలన్నీ ఒకేలా ఉంటాయి, గుర్రం, తుపాకీ, దుమ్ము. చదివిందే మళ్లీ పట్టుకుపోతారు జనం. అందుకని డోన్ చోన్ దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరికి వాళ్లు ఒక గుర్తు పెట్టుకోవాలి, దాన్ని ఇరవై ఏడో పేజీలోనే వెయ్యాలి. బస్సు నడిపేవాడిది చక్రం. మంగలిది కత్తెర. తోర్తియా రొట్టెల పిండి మర ఆవిడది గుండ్రం. చదువు రాక కొడుకు చేత చదివించుకునే మేస్త్రీది ఇటుక. పుస్తకం తీసుకునేముందు ఇరవై ఏడో పేజీ తిప్పి చూసుకుంటారు. తమ గుర్తుంటే వెనక్కి పెట్టేస్తారు.

బక్ టాలివర్ నవల ఏది తీసినా ఇరవై ఏడో పేజీలో అక్షరాలు కనపడవు. చక్రాలు, చేపలు, నక్షత్రాలు, కొమ్ములు, పేర్ల మొదటి అక్షరాలు. చీమలు పట్టిన బెల్లం ముక్కలా ఉంటుంది ఆ పేజీ. విశ్వవిద్యాలయం పంతుళ్లు ఈ పుస్తకాల్ని చెత్త అంటారు. వాళ్ల పుస్తకాల్లో ఎవడి గుర్తూ ఉండదు, ఆ సంగతి వాళ్లకి తెలీదు.

"పట్టాల మీద ఉప్పు" కూడా ఆ కొట్లో ఒక కాపీ ఉంది. ఫిదెన్సియోనే పెట్టాడు. ఆరేళ్లుగా ప్రతి శనివారం దాన్ని అడుగునుంచి లాగి, ఇరవై ఏడో పేజీ తిప్పి చూస్తాడు. తెల్లగా ఉంటుంది. పెట్టేస్తాడు.

"ఏం మాష్టారూ, మొలకెత్తిందా?" అంటాడు డోన్ చోన్, ప్రతి శనివారమూ.

ఫిదెన్సియోకి లోకంలో కావలసిందల్లా ఆ పేజీలో ఒక్క గీత. గుండ్రమో, ఇటుకో, ఏదో ఒకటి.

రెండు వారాలు తిరిగేసరికి ఆ కొట్టు దగ్గర గొడవ మొదలైంది. బస్సు డ్రైవరు కొత్త టాలివర్ని గాల్లో ఊపుతున్నాడు.

"పాతిపెట్టారయ్యా వాణ్ని! నేను ఏడ్చాను కూడా! మళ్లీ వచ్చి కాఫీ తాగుతాడేంటి?"

"వాడి తమ్ముడేమో," అన్నాడు మంగలి.

"తమ్ముడైతే తమ్ముడని రాయాలి! మనం వెధవలమా?"

ఫిదెన్సియో జేబుల్లో చేతులు పెట్టుకుని విన్నాడు. ఒళ్లంతా చల్లగా, హాయిగా ఉంది. నోట్లో మాత్రం ఏదో చేదు తగిలింది. పట్టించుకోలేదు.

ఉత్తరాలు కూడా సంచీలతో వచ్చాయి. సోమవారం డోన్ అబుందియో ఉత్తరాలన్నీ బల్ల మీద కుమ్మరించి అరిచాడు. డెల్ఫీనా చేతులు ముందు కట్టుకుని నిలబడింది.

"చచ్చినవాళ్లెవరో గుర్తు పెట్టుకోలేని మనిషికి గట్టి అట్ట ఎందుకు? ఫోటో ఎందుకు? దిద్దేవాడేం చేస్తున్నాడు?" అని ఫిదెన్సియో వైపు తిరిగాడు.

ఫిదెన్సియో నోరు తెరిచాడు.

"అతన్నేం అనకండి," అంది డెల్ఫీనా. "ఆ కట్ట ఆలస్యంగా ఇచ్చాను. చూసే టైము లేకపోయింది అతనికి."

అబద్ధం. సోమవారం పొద్దున్నే ఇచ్చింది, తమాలీలతో సహా.

"సరే," అన్నాడు డోన్ అబుందియో. "బక్ టాలివర్ని ఈ వారం నుంచి నువ్వు రాయడం లేదు. ముద్దులూ దెయ్యాలూ చాలు నీకు. ఫిదెన్సియో! నవలాకారుణ్ని అంటుంటావుగా? రాయి. వచ్చే సోమవారానికి తొంభై ఆరు పేజీలు. అది చూసి బాగుందంటే నీ ఉప్పు పుస్తకం సంగతి మాట్లాడదాం. గట్టి అట్టతోనే."

డెల్ఫీనా సంచీ తీసుకుని అతని బల్ల పక్కనుంచి పోతూ, "గుర్రాలకి నీళ్లు పెట్టడం మర్చిపోకు ఫిదే. ఉత్తరాలు రాస్తారు," అంది.

*

ఫిదెన్సియో సోమవారం సాయంత్రం టైప్‌రైటర్ ముందు కూర్చున్నాడు. మంగళవారం కూర్చున్నాడు. బుధవారం ఆఫీసుకి సెలవు పెట్టి కూర్చున్నాడు.

ఎంత సులువనుకున్నాడు! ఎన్నిసార్లన్నాడు, ఇదంతా అరటిపళ్ల అమ్మకం లాంటిదని! ఆ రెండు వేల మూడు వందల పన్నెండులో మూడో వంతు కౌబాయ్‌లే, అన్నీ అతని చేతిమీదుగా పోయినవే. కానీ అతని కౌబాయ్ గుర్రం దిగడు. దిగితే ఎందుకు దిగాడో ఒక పేరా రాయాలి. ఆ పేరా బాగోలేదని కొట్టేయాలి. బారు యజమాని కార్మికుల్ని ఎలా దోచుకుంటున్నాడో కౌబాయ్ రెండు పేజీలు ఉపన్యాసం ఇచ్చాడు, విన్నవాళ్లు బీరు తాగుతూ నిద్రపోయారు. శుక్రవారానికి పదకొండు పేజీలయ్యాయి. ఎవడూ చావలేదు. ఒక గుర్రం నాలుగు రోజులుగా దాహంతో నిలబడి ఉంది.

ఆవిడ ఈ పని రెండు రోజుల్లో చేసి, మిగతా రోజుల్లో ఇంకో రెండు రాసి, తమాలీలు కూడా వండుకొస్తుంది. ఇదివరకు ఆవిడ మీద అసూయ పేరు కోసం. ఇప్పుడు అసలు చోట అంటుకుంది నిప్పు. ఆవిడకి పని వచ్చు.

శనివారం కొట్టుకి పోయాడు. పాత టాలివర్ ఒకటి పట్టుకుపోయి, పేర్లు మార్చి రాసేద్దామని. అంత దూరం దిగజారాడు. అలవాటు కొద్దీ ముందు తన నవల లాగి, ఇరవై ఏడో పేజీ తిప్పాడు. తెలుపు.

"ఇది నేను తీసుకుపోతాను డోన్ చోన్. ఆరేళ్లు చాలు."

"నీ పుస్తకం, నీ ఇష్టం మాష్టారూ. దాని బదులు ఒకటి పెట్టిపోవాలి మరి. పద్ధతి పద్ధతే."

చంకలో ఉన్న పత్రిక పెట్టేసి, పుస్తకం పట్టుకుని, ఎదురుగా ఎండలో బెంచీ మీద కూలబడ్డాడు. అచ్చయ్యాక దాన్ని ఒక్కసారీ చదవలేదు. ఒకప్పుడు రాయడం తనకి చేతనయ్యేదా లేదా అన్నది చూడాలనిపించింది. ఎక్కడో మధ్యలో తెరిచాడు.

రెండు వందల పదకొండో పేజీ. ఇంజను డ్రైవరు మెలితోన్ని జైలుకి పట్టుకుపోతున్నారు. "నాకు ఇద్దరు కూతుళ్లు, సార్" అంటాడు మెలితోన్. ఇద్దరు అన్న మాట కింద సన్నటి పెన్సిలు గీత. మార్జిన్‌లో చిన్న అక్షరాలు: ముగ్గురు. 40వ పేజీ చూడు.

ఫిదెన్సియోకి రక్తం తలకెక్కింది. ఎవడు వీడు? నా పుస్తకంలో పెన్సిలు పెట్టేంత మొనగాడెవడు? నలభయ్యో పేజీ తిప్పాడు. మెలితోన్ కూతుళ్లు వరసగా నిలబడి ఉన్నారు. పెద్దది చేయ్, తర్వాత రుఫీనా, అందరికంటే చిన్నది తోమాసా. ముగ్గురు.

పన్నెండేళ్లు రాశాడు. ఏడుసార్లు దిద్దాడు. పిల్ల తోమాసా ఎక్కడ పోయింది? ఊరి జనం తప్పులన్నీ పట్టుకునే ఫిదెన్సియో, సొంత కథలో ఒక ఆడపిల్లని దారిలో పారేసుకున్నాడు. ఆరేళ్లుగా తెలీలేదు.

చివరి పేజీ తిప్పాడు. ఆఖరి వాక్యం కింద, ఖాళీ జాగాలో, నాలుగు చిల్లుల బొత్తాం. దాని పక్కనే ఇంకో బొత్తాం, వేరే పెన్సిలుతో.

రెండుసార్లు. వారానికి మూడు రాసే మనిషికి, ఈ పుస్తకం రెండుసార్లు చదవడానికి టైమెక్కడిది? సంతోషం రావాలి. రాలేదు. ముందొచ్చింది అసూయే. తన పుస్తకాన్ని తనకంటే బాగా చదివింది, ఇదీ ఆవిడే చేసింది.

*

ఆదివారం గెరేరో పేటలో ఆవిడ గది తలుపు కొట్టాడు. లోపల టైప్‌రైటర్ కుట్టుమిషన్‌లా నడుస్తోంది. ఆగింది.

"ఫిదే! గుర్రాలు పారిపోయాయా?"

"పదకొండు పేజీలు," అన్నాడు గుమ్మంలోనే. "డోన్యా, షెరీఫ్ సంగతి... నేను చూశాను. చూసే వదిలేశాను."

"తెలుసు."

"తెలుసా?"

"పదిహేనేళ్లలో ఒక కామా పోనివ్వనివాడివి, ఒక మనిషంత శవాన్ని ఎలా పోనిస్తావు నాయనా? కూర్చో. అతోలే జావ వేడిగా ఉంది."

కూర్చోలేదు. "మరి ఆయనకి ఎందుకు చెప్పలేదు?"

"పాతిపెట్టిందీ నేనే, లేపిందీ నేనే. తప్పు నాది. కళ్లు మూసుకోవడం నీది. నాదాని మటుకు నేను మోశాను." కళ్లద్దాలు తీసి శాలువా అంచుతో తుడుచుకుంది. "కోపం రాలేదనుకోకు. బక్ టాలివర్ అంటే నాకు ప్రాణం. ముద్దులు రాస్తే ఒళ్లు తిమ్మిరెక్కుతుంది. నాకు గుర్రాలే ఇష్టం. నువ్వు నా గుర్రాలు తీసుకుపోయావు."

ఫిదెన్సియో చంకలో పుస్తకం బయటికి తీశాడు. చివరి పేజీ చూపించాడు.

"ఇది ఎప్పుడు?"

"మొదటిది నువ్వు కొట్లో పెట్టిన నెలకే. రెండోది నిరుడు, కీళ్ల నొప్పులతో మంచాన పడ్డప్పుడు."

"అందరూ ఇరవై ఏడో పేజీలో పెడతారు కదా!" అరిచేశాడు. "ఆరేళ్లుగా ప్రతి శనివారం నేను ఆ పేజీ చూస్తున్నాను!"

"ఇరవై ఏడులో పెట్టేవాళ్లు ఇంకా చదవలేదుగా. తీసుకుపోతూ గీస్తారు. నేను అయ్యాకే పెడతాను."

"ఒక్క మాట నాతో అనొచ్చుగా."

డెల్ఫీనా అతన్ని తేరిపార చూసింది. మొదటిసారి ఆవిడ మొహంలో నవ్వు లేదు.

"నావి రెండు వేల పైనే చదివావు. ఒక్కదాని గురించి ఎప్పుడైనా ఒక మాటన్నావా? కామాలిచ్చావు. నేనూ పెన్సిలు గీతే ఇచ్చాను. మెలితోన్ భార్య స్టేషన్లో అన్నం గిన్నె పట్టుకుని నిలబడేచోట నేను రెండుసార్లూ ఏడ్చాను. అది నీకు చెప్తే నువ్వు నమ్మేవాడివా? బొత్తాలు కుట్టుకునేదానికి ఏం తెలుసు అనుకునేవాడివి."

అతను నిజంగా అదే అనుకునేవాడు. సమ్మె మీద, కూలీల మీద అంత లావు పుస్తకం రాసి, పక్క బల్ల దగ్గర నిలబడ్డ ఫ్యాక్టరీ మనిషి తన పాఠకురాలని అతనికి ఒక్కనాడూ తట్టలేదు.

"గట్టి అట్ట మీరే తీసుకోండి," అన్నాడు చివరికి. ఆ మాట అనడానికి దవడలు నొప్పెట్టాయి.

"నాకెందుకది? ఆ రోజు ఆలోచిస్తా అన్నది ఆయన్ని ఆపడానికి. నీది వెయ్యమందామనే. ఇప్పుడు నా మాట చెల్లదులే." మళ్లీ టైప్‌రైటర్ వైపు తిరిగింది. "పో ఫిదే. ఇక్కడ డాక్టరుగారు ఒకమ్మాయిని ముద్దు పెట్టుకోబోతూ అరగంటగా వంగి నిలబడున్నాడు. నడుం పట్టేస్తుంది."

*

సోమవారం ఫిదెన్సియో డోన్ అబుందియో బల్ల మీద పదకొండు పేజీలు పెట్టాడు. షెరీఫ్ సంగతి నిలబడి చెప్పాడు, చూశాననీ, కావాలనే వదిలేశాననీ. గుమాస్తాలు చేతిలో పనులు ఆపేసి విన్నారు.

డోన్ అబుందియో చుట్ట నోట్లోంచి తీశాడు. "నిన్ను తీసేస్తే కామాలు ఎవడు చూస్తాడు?" అని కాసేపు ఆలోచించాడు. "టాలివర్ డెల్ఫీనాకే. గురువారానికి కావాలని చెప్పు. గట్టి అట్టా లేదు, గాడిద గుడ్డూ లేదు. పాతికేళ్లకి క్యాలెండర్ వేస్తా. క్యాలెండర్లో చచ్చేవాడూ ఉండడు, లేచేవాడూ ఉండడు."

అంతే. "పట్టాల మీద ఉప్పు" సొరుగులోంచి తీసి అతని చేతిలో పెట్టాడు. మూడో రోజుకల్లా డెల్ఫీనా తొంభై ఆరు పేజీలు తెచ్చింది. అందులో షెరీఫ్ హార్లన్‌కి మెలితోన్ అనే కవల తమ్ముడున్నాడు. ఆ తమ్ముడికి ముగ్గురు కూతుళ్లు. ఫిదెన్సియో పళ్లు కొరుక్కుంటూ చదివాడు. మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒక్క తప్పు లేదు. కావాలనే చేసిందని అతనికి తెలుసు.

శనివారం కొట్టుకి పోయి తన పుస్తకం తిరిగి ఇచ్చాడు, పత్రిక వెనక్కి తీసుకున్నాడు.

"మొలకెత్తలేదా మాష్టారూ?" అన్నాడు డోన్ చోన్.

ఫిదెన్సియో పుస్తకాన్ని అడుగుకి తోసేముందు రెండు వందల పదకొండో పేజీ తెరిచాడు. జేబులోంచి కలం తీశాడు, పెన్సిలు కాదు, కలం. ఇద్దరు అన్న మాట కొట్టేసి, ఆవిడ పెన్సిలు అక్షరాల మీద సిరాతో ఒక్కొక్కటే దిద్దాడు. ముగ్గురు. ఎవరడిగారు ఈవిణ్ని, అని గొణుక్కున్నాడు. సిరా ఆరేదాకా ఊదాడు.

తర్వాత కొత్త టాలివర్ ఒకటి తీసుకుని, ఇరవై ఏడో పేజీ జోలికి పోకుండా, బెంచీ మీద కూర్చుని చివరిదాకా చదివాడు.